మాలలో గడిచిన సెలవులు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. అమలాపురంలో సన్నని వాన పడుతోంది, గాలి లేదు. డాక్టరు ఉమామహేశ్వరిగారి గదిలో సత్యవేణి నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి బయటపెట్టింది. పెళ్లైన కొత్తలో, బీఈడీ పరీక్షల ముందు, భర్త వినయ్ మందుల షాపు నుంచి తెచ్చిన అత్యవసర గర్భనిరోధక మాత్ర ఒకటి వేసుకుంది. తరువాత అతను మస్కట్ వెళ్లిపోయాడు. ఇప్పటికీ కడుపు పండలేదు. ఆ ఒక్క మాత్రే తనను గొడ్రాలిని చేసిందని ఆమె భయం. బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారు లోవమ్మకు ఈ విషయం తెలియదు.

ఆ మాత్ర అండం విడుదలను కొద్ది రోజులు వాయిదా వేస్తుందనీ, దాని పని ఆ నెలతోనే సరి అనీ, ఆపైన గర్భం రావడానికి అడ్డుపడదనీ డాక్టరుగారు వివరించారు. సత్యవేణి పరీక్షల్లోనూ లోపమేదీ లేదు. వినయ్ సెలవులో ఎప్పుడెప్పుడు వచ్చాడని అడిగారు.

"రెండుసార్లండి, కార్తీకమాసంలోనే. పిల్లలు పుట్టాలని అత్తయ్యగారు మొక్కుకున్నారు కదండీ, రెండుసార్లూ ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారు."

"దీక్షలో వేరేగా ఉంటారు కదమ్మా?"

"ఆయ్."

"దీక్ష అయ్యాక?"

"శబరిమల నుంచి వచ్చిన మర్నాడే విమానం ఎక్కేసేరండి."

డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికేనని సత్యవేణికి అర్థమైంది. ఊరంతా పెళ్లి నాటి నుంచి ఏళ్లు లెక్కపెట్టింది. ఆలుమగలు కలిసి ఉన్న రోజులెన్నో ఎవరూ, చివరికి తానూ లెక్కపెట్టలేదు.

వినయ్ మొన్ననే దిగాడు. మూడో మాల వచ్చే సోమవారం. మొక్కు లోవమ్మది గనుక దాన్ని వాయిదా వేయగలిగినదీ ఆవిడే. సత్యవేణి తలుపు తీసి అత్తగారిని లోపలికి పిలిచి, మాత్ర సంగతితో సహా అన్నీ తానే చెప్పింది.

లోవమ్మ డాక్టరు వైపు తిరిగింది. "అయితే అడ్డంపడింది మాత్ర కాదండి, నేనన్నమాట."

"మొక్కులో తప్పేం లేదండి. ముందు బిడ్డ, తరవాత మాల. వరస మారిస్తే చాలు."

"ఆయ్. స్వామికి నేను చెప్పుకుంటానులెండి." లోవమ్మ కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. "పదవే, కొత్త నల్లబట్టలు బీరువాలో పెట్టెయ్యాలి. ఆడి కంటబడితే మళ్లీ భక్తి పుట్టుకొస్తాది."

మరుసటి ఏడు భాద్రపదంలో సత్యవేణికి కూతురు పుట్టింది. ఇంకో మూడేళ్లకు కొడుకు.