గన్నేరు పుల్ల

అరకు రోడ్డు మలుపులో కనకకు బొంగు చికెన్ కొట్టుంది. కొట్టు వెనక గన్నేరు పొద. మేక ముట్టదు, నీళ్ళు అడగదు, మండుటెండలోనూ విరగబూస్తుంది. వానాకాలంలో కొమ్మ విరిచి గుచ్చితే చాలు, వేరు పట్టేస్తుంది. కార్లలో వచ్చినవాళ్ళు ఆ పూల ముందు ఫోటోలు దిగుతారని కనకే ముచ్చటపడి నాటింది. తినే తావున గన్నేరేమిటని అత్త సోములమ్మ ఆనాడే గొణిగింది. పూర్వం గజ్జికి ఆ ఆకు నూరి పైన రాసేవారట గానీ, చేయి కడుక్కోకుండా మంచినీళ్ళయినా తాగేవారు కాదట. ముసలిదాని చాదస్తం అనుకుంది కనక. పైగా రోజూ ఒక పువ్వు సిగలో పెట్టుకునేది. పువ్వు అంత అందంగా ఉంటే విషం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆ ఆదివారం కొట్టు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. విజయనగరం నుంచి వచ్చిన ఒక పాప, మాంసం ముక్క నిప్పుల మీద తనే కాల్చుకుంటానని పుల్ల అడిగింది. మామూలుగా కనక వెదురు పేడు చెక్కి ఇస్తుంది. ఆ రద్దీలో తలెత్తకుండానే, అక్కడ ఏదో ఒకటి చూసి తెచ్చుకోమంది.

వాళ్ళ తెల్లకారు వెళ్ళిపోయాక బల్ల తుడుస్తుంటే పుల్ల దొరికింది. పచ్చిది. ఒక కొన మాడి, మాంసం పీచు అంటుకుని ఉంది. రెండో కొన వేపపుల్ల నమిలినట్టు నమిలి ఉంది. పొదలో కొమ్మ విరిగిన చోట జిగురు ఇంకా ఆరలేదు.

కనక ఆ పుల్ల పట్టుకుని పరుగెత్తింది.

భర్త ఫల్గుణకు చూపించింది. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఊరుకో. సెప్తే కొట్టు ఎత్తించీసి మన మీద కేసెట్టేస్తారు."

అతను అన్నదీ నిజమే. కానీ ఘాట్ రోడ్డులో పిల్లలు వాంతి చేసుకోవడం మామూలే. తల్లి నిమ్మకాయ వాసన చూపిస్తుంది, తండ్రి కారు మెల్లగా నడుపుతాడు, అంతే. ఈ పాప వాంతి చేసుకుంటే అది మలుపుల వల్ల కాదని తెలిసినవాళ్ళు తామిద్దరే.

"ఆ గుంటకి ఏటైనా అయితే నానెలా బతికేది? బేగి బండి తియ్యి" అంది.

దారి పొడవునా తెల్లకార్లే. దాటిన ప్రతి కారులోకీ తొంగిచూసింది. చివరికి రైలు గేటు వేసి ఉన్నచోట దొరికారు. పాప తల్లి ఒడిలో వాలిపోయి ఉంది. తల్లి చేతిలో నిమ్మకాయ. ఘాట్ రోడ్డు పడలేదమ్మా అని తల్లే నవ్వబోయింది. ఆ క్షణాన కనక తల ఊపి వెనక్కి తిరిగితే అడిగేవాళ్ళు లేరు. అయినా పుల్ల సంగతి చెప్పేసింది.

ఆసుపత్రిలో డాక్టరు పాప నాడి పట్టుకుని, ఏ చెట్టని అడిగాడు. కనక సిగలోంచి పువ్వు తీసి బల్ల మీద పెట్టింది.

తల్లి ఆ పువ్వునీ, ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "ఎవరు నాటారిది?"

"నానే నాటినానమ్మా. పుల్ల తెచ్చుకోమన్నదీ నానే."

ఆ తల్లి ముఖం తిప్పుకుంది. తిట్టినా బాగుండుననిపించింది కనకకు. వరండాలో గోడకు చేరగిలబడి, తెలిసిన దేవతలందరికీ మొక్కుకుంది. ఫల్గుణ పక్కన కూర్చున్నాడు గానీ, కొట్టు ఊసు ఎత్తలేదు.

పొద్దు వాలాక నాడి కుదుటపడిందన్నారు. ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే వాంతులకు మాత్రిచ్చి పంపేసేవాణ్ణి అన్నాడు డాక్టరు.

కాసేపటికి పాప తల్లి వరండాలోకి వచ్చింది. చేతిలోని నీళ్ళ సీసా మూత తీసి కనకకు అందించింది. మధ్యాహ్నం నుంచీ కనక గొంతులో చుక్క నీరు పడలేదు. చేయి చాపబోయి, చప్పున వెనక్కి తీసుకుంది.

"ఉండమ్మా" అంది, "ముందు సెయ్యి కడుక్కోనీ."