ముప్పై సున్నాలు

సుధాకరరావు పరాయి దేశంలో ప్రోగ్రామరు. పొద్దున్నే తానుండే పేట యీషున్‌లో రైలెక్కి ఆఫీసుకి వెళ్లేవాడు, సాయంత్రం అదే రైల్లో తిరిగొచ్చేవాడు. వై టూ కే గండం గడిచాక కూడా ప్రోగ్రామర్లకి చేతినిండా పనున్న రోజులవి. వాళ్ల కంపెనీ మ్యాపులు చేసిపెట్టేది. కచ్ అంచున ఉప్పు పేరుకున్న పల్లపు ఎడారిలో ఏ పొదలు ఎక్కడ బతుకుతున్నాయో చూపించే మ్యాపు అతని చేతికొచ్చింది.

ఆ పొదల్ని లెక్కపెట్టింది కాత్యాయని గారు. యాభై దాటిన మనిషి, అదే ఊళ్లో క్లెమెంటిలో గది తీసుకుని యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నారు. రెండు చలికాలాలు ఆ ఎడారిలో నడిచి, నేలని గడులుగా విభజించి గడికో కాగితం చొప్పున రాసుకొచ్చారు. చివరి ముప్పై కాగితాలూ కవర్లో పెట్టి సుధాకరరావుకిస్తూ, "జిరాక్సు తీయించి ఇవ్వనా?" అన్నారు.

"ఎందుకు మేడమ్, రెండ్రోజుల్లో తిరిగిచ్చేస్తాగా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టేబుల్ చోప్ చేసుకోవడానికి, అంటే ఎవరూ కూర్చోకుండా ఆపి ఉంచుకోవడానికి, అక్కడందరూ పెట్టే టిష్యూ ప్యాకెట్ జేబులో లేక, ఆ కవరే పెట్టి భోజనం తెచ్చుకోవడానికి వెళ్లాడు. వచ్చి, కవరు పక్కకి జరిపి తిన్నాడు. లేచి వెళ్లిపోయాడు. గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేసరికి టేబుళ్లు తుడిచేశారు, చెత్త కూడా తీసుకెళ్లిపోయారు.

చెప్పాలనుకున్నాడు. నోరు రాలేదు. శుక్రవారానికి మ్యాపు ఇవ్వాలి, ఖాళీ వదిలితే ప్రోగ్రాం ఒప్పుకోదు. ముప్పై గడుల్లోనూ సున్నా కొట్టాడు. మ్యాపులో దక్షిణం వైపంతా తెల్లబడింది.

మ్యాపు చూసి కాత్యాయని గారు ఫోన్ చేశారు. "అక్కడ పొదలు చూసినట్టే గుర్తండీ నాకు. సరేలెండి, ఆ కాగితాలు మీ దగ్గరే ఉండనివ్వండి. కాగితంలో సున్నా ఉంటే సున్నాయే. నా జ్ఞాపకాన్ని ఏం నమ్ముతాం?"

"అంతే మేడమ్," అన్నాడు సుధాకరరావు. 

ఆ వారంలోనే సుధాకరరావు ఉండే అంతస్తు కారిడార్‌లో సిమెంటు లోంచి పొదలు లేచాయి. బూడిదరంగు ఆకులు, ముట్టుకుంటే వేళ్లకి ఉప్పు. లిఫ్టు దగ్గర్నుంచి మెట్ల దాకా గుంపులు గుంపులుగా ముప్పై చోట్ల. భవనాల బాగోగులు చూసే టౌన్ కౌన్సిల్ ఆయన వచ్చి, పొదల్ని తప్పుకుంటూ నడిచి, చెప్పుల స్టాండు మాత్రం లోపల పెట్టుకోమని చెప్పి వెళ్లాడు. పక్కింటి మలయ్ పెద్దావిడ, అందరూ మక్‌చిక్ అనే ఆవిడ, చేపల కూరలోకి నాలుగాకులు కోసుకుంది. "గుడ్ లా, ఉప్పు కొనక్కర్లేదు," అంది. సుధాకరరావు భార్య అరుంధతి పప్పులో వేసింది. అతనికి ముద్ద దిగలేదు.

"బాలేదా?" అంది.

"ఆకలి లేదు."

నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఆఫీసులో ఎవరో అన్నారు, మ్యాపులో తెల్లగా ఉన్న చోట ఉప్పు మడులకి తవ్వకం మొదలైందని. ఆ ఆదివారం అతను క్లెమెంటి వెళ్లి, కాత్యాయని గారి గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు.

ఆవిడ తిట్టలేదు. "మతిమరుపు వచ్చిందనుకున్నానండీ," అన్నారు మెల్లగా. "డాక్టర్‌కి కూడా చూపించుకున్నా."

అతను తన ఇంటి ముందు లేచిన పొదల సంగతి చెప్పాడు. ఆవిడ టేపు, కాగితాలు సంచీలో వేసుకుని బయల్దేరారు.

కారిడార్‌లో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో గుంపునీ గుర్తుపట్టారు. "ఇది పదిహేడో గడి. ఈ కొమ్మ నా ఎదురుగానే ఒంటె కొరికింది." ఆవిడ కొలిచి చెప్తుంటే అతను రాశాడు. రాయడం పూర్తయిన గుంపు అక్కణ్నుంచి మాయమయ్యేది, కింద సిమెంటు పొడిగా మిగిలేది. "చివరిది కాస్త ఉండనివ్వండి, సాయంత్రం చేపలున్నాయి," అంది మక్‌చిక్. చీకటి పడేలోపు ముప్పై కాగితాలూ నిండాయి.

అరుంధతి గుమ్మంలోంచి అన్నీ విన్నది. "ఇన్నాళ్లూ నాచేత వండించింది ఇదా అండీ?" అని మాత్రం అంది.

అతను కంపెనీకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాడు. మ్యాపు మారింది, తవ్వకం ఆగింది. అతని ఉద్యోగం పోయింది. ఇంకోటి వెతుక్కోవడం ఆ రోజుల్లో కష్టం కాదు. కానీ కాత్యాయని గారు, "వచ్చే చలికాలం నడవడానికి ఒక మనిషి కావాలి," అన్నప్పుడు, వస్తానన్నాడు.

చలికాలంలో వాళ్లిద్దరూ వెళ్లి చూస్తే, తవ్వకం ఆగేలోపే ఎడారిలో మూడు గడులు తవ్వేశారు. ఆ గుంటల ఒడ్డున ఒంటెలు కాసే ముసలాయన వాళ్లకి టీ పోశాడు. హిందీలో అన్నాడు, "ఇక్కడ ఏమీ లేదని ఎవడో రాశాడట. మరి నా ఒంటెలు ఇన్నేళ్లూ ఏం తిన్నాయి?"

 సుధాకరరావు గ్లాసు కింద పెట్టాడు.

"రాసింది నేనే," అన్నాడు.

 ముసలాయన నులకమంచం మీద కొంచెం జరిగాడు.

"అయితే ఇలా కూర్చో. ఏమేం ఉండేవో చెప్తాను, రాసుకో."