అత్తను అడిగిన కోడి

మరిది నాబిలాకు కల వచ్చింది. కలలో వదిన దమాతా కత్తి పట్టుకుని అతని వెంటపడిందట. మూడు రోజులు తిరక్కుండా ఆ కల ఊరందరికీ నిజమైపోయింది. కిందటేడు ఆమె భర్తను కరిచిన పాము కూడా ఆమె పంపినదే అయింది. మంత్రగత్తె అని తేలితే కట్టుబట్టలతో మంత్రగత్తెల గూడేనికి నడవాలి. పిండిమర మాత్రం ఇక్కడే ఉండిపోతుంది.

ఆ మర దమాతాది. పన్నెండేళ్ళు అడవిలో షియా చెట్ల గింజలు ఏరి, ఉడికించి, తీసిన వెన్నను టమాలే పట్నం సంతలో అమ్మి కొన్నది. అయితే దాన్ని నిలబెట్టింది భర్త వాకిట్లో. అన్న పోయాక ఆ వాకిలి తమ్ముడిది. ఆడదానికి సొంతమైనది నడుముకు చుట్టిన గుడ్డ ఒక్కటేనని నాబిలా నలుగురిలోనూ అనేవాడు.

తీర్పు చెప్పేది కోడి. భూమి పూజారి ప్రశ్న అడిగి, దాని గొంతు కోసి వదులుతాడు. కొట్టుకుని వెల్లకిలా చస్తే మాట నిజం, బోర్లా చస్తే అబద్ధం. చిన్నతనం నుంచీ ఆ చావులు చూసిన దమాతాకు వాటిలో జ్ఞానం కంటే నొప్పే ఎక్కువగా కనిపించింది. ఆ సంగతి పైకి అంటే అదే నేరం ఒప్పుకున్నట్లు. అందుకే తీర్పు నాడు తన పుంజులు రెండింటిని కాళ్ళు కట్టి పూజారి వాకిటికి తెచ్చింది.

"నా సంగతి అడిగేముందు అందరికీ తెలిసినదొకటి అడగండి పెద్దాయనా. నాబిలాను కన్నది మా అత్తేనా అని."

జనం నవ్వారు. గోడవారన కూర్చున్న అత్త నవ్వలేదు. "అడగనివ్వండి. మూడు రోజులు నొప్పులు పడ్డది నేను. దీని పొగరణుగుతుంది."

వద్దంటే కోడి చావులో పలికే పూర్వీకులను శంకించినట్లవుతుందని పెద్దలు సరేనన్నారు.

మొదటి పుంజు వెల్లకిలా పడింది. ఎవరో దమాతా కాళ్ళ దగ్గర ఉమ్మారు. రెండోది కూడా అలాగే పడితే తన పని ముగిసినట్లేనని ఆమెకు తెలుసు. అయినా మళ్ళీ అదే ప్రశ్న అడగమంది. ఆ పుంజు గోడకు కొట్టుకుని, దుమ్ములో ముక్కు గుచ్చుకుని బోర్లా చచ్చింది.

దమాతా గోడవైపు తిరిగింది.

"ఏం అత్తా, నాబిలా నీ కొడుకా, కాదా?"

నాబిలా కర్ర ఎత్తాడు. కోడికి కూడా మందు పెట్టిందని ఆడవాళ్ళు ఆమె మీద దుమ్మెత్తి పోశారు. పూజారి కత్తి తుడుచుకుంటూ, పూర్వీకులకు కోపం వచ్చిందనీ కోతలయ్యేదాకా దమాతా సంగతి అడగరాదనీ ప్రకటించాడు. ఆమె నిర్దోషి అని మాత్రం అనలేదు.

మర్నాటి నుంచి మర దగ్గరికి ఎవరూ రాలేదు. ఆడవాళ్ళు బేసిన్లు నెత్తిన పెట్టుకుని, రెండు గంటల నడక దూరంలోని పక్కూరి మరకు ఆమె వాకిలి ముందునుంచే వెళ్ళేవారు. వాకిట్లో రోజుకో ముళ్ళకంప పడేది. దమాతా దాన్ని తీసి పొయ్యిలో పెట్టుకునేది.

పదో రోజు ఒక బేసిన్ ఆగింది. అత్తది. అంత దూరం నడవడానికి ఆ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

"ఊరందరి ముందూ నన్ను గొడ్రాల్ని చేశావు. చచ్చేదాకా నిన్ను క్షమించను." ముసలావిడ మొక్కజొన్నలు కిందికి దించింది. "మెత్తగా ఆడించు. పోయినసారి బరకగా వచ్చింది."