అల్లుడుగారి ఆఖరి పోట్లాట

కోడిపుంజుకి అల్లుడుగారు అని పేరు పెట్టింది మామగారే. పనీపాటా లేకుండా తిరగడం, వేళకి గింజలు వెయ్యకపోతే అలగడం, పెరడంతా తన సొత్తే అన్నట్టు రొమ్ము విరుచుకుని నడవడం చూసి, ఆడపిల్లలు లేని లోటు వీడితో తీరిందని నవ్వేవాడు. అలాంటి అల్లుడుగారు ఆ మధ్యాహ్నం పెరట్లో కాళ్లు చాపుకుని చచ్చి పడి ఉన్నాడు.

చిక్కేమిటంటే, ముందురోజే కోడలు నోరు జారింది. ఆమెది బేకరీలో రాత్రి డ్యూటీ. పగలు కాస్త కన్ను మూద్దామంటే, వారం నుంచి ఈ పుంజు మిట్టమధ్యాహ్నం కూడా గొంతు చించుకుంటోంది. "దీని పీక నులిమితే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు!" అని ఆమె అరిచిన అరుపు, వసారాలో కూర్చున్న మామగారి చెవిన పడింది.

ఇప్పుడాయన ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా ఆమెకి ఇంత బాధ ఉండేది కాదు. ఆమె తెచ్చిన టీ స్టూలు మీద మీగడ కట్టింది. మొగుడు లారీ ఎక్కి పోతే పది ఊళ్లు తిరిగి గానీ రాడు. ఇంట్లో మిగిలేది ఈ ఇద్దరే. వీళ్లలో వీళ్లకే మాటలు లేకపోతే ఇక ఆ ఇంట్లో ఎలా బతకడం?

ఆమే వెళ్లి వీధి చివరి పశువుల డాక్టరుని పిలుచుకొచ్చింది.

"జబ్బు కాదు, పెట్టలన్నీ నిక్షేపంగా ఉన్నాయి," అన్నాడు డాక్టరు, పుంజుని అటూ ఇటూ తిప్పి. "పాము కాటూ కాదు. మెడ విరగలేదు."

మెడ అనగానే కోడలు మామగారి వైపు చూసింది. ఆయన ఈకల వైపు చూస్తున్నాడు.

"బాగా కొవ్వు పట్టింది. గుండె ఆగిపోయినట్టుంది. ముక్కు చివర చిట్లింది, రొమ్ము మీద ఈకలు ఊడాయి. ఎవరితోనో గట్టిగా కొట్లాడింది."

"ఎవరితోనండీ? ఈ చుట్టుపక్కల ఇంకో పుంజు లేదు!"

"అది మీరే కనుక్కోవాలమ్మా," అని డాక్టరు చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

"ఎవరైనా కర్ర పుచ్చుకుని తరిమినా గుండె ఆగుతుందేమో," అని మామగారు గోడతో చెప్పి లోపలికి నడిచాడు.

ఆమెకి ఒళ్లు మండింది. అంతకు మించి, తెలుసుకోకపోతే ఉండబట్టేలా లేదు. లేని శత్రువుతో వీడు ఎలా పోట్లాడాడు? నేల మీద ఈకలు వెతుక్కుంటూ పోయింది. అవి ఎక్కువగా వెనక గోడ దగ్గర, మామగారి నిలువుటద్దం ముందు రాలి ఉన్నాయి. ఆయన దర్జీ. పోయిన వారం దుకాణం ఎత్తేశాక ఆ అద్దం ఇంట్లో ఏ గదిలోనూ పట్టలేదు. పెరట్లో గోడకి చేరవేసి, ముచ్చటగా ఒక గుడ్డ తొడుగు కుట్టి వేశాడు. దాని ముందు నేలంతా గీరి ఉంది.

వెనక ముంగిసేమైనా దూరిందేమోనని ఆమె గొంతుక్కూర్చుని తొంగి చూసింది. తన మోకాళ్లే కనిపించాయి.

తొడుగు అంచు కింద జానెడు అద్దం బయటికి ఉంది. దాని నిండా ముక్కుతో పొడిచిన మరకలు, ఎండిన నెత్తురు. అంచు నేల తుడిస్తే దర్జీకి నామర్దా అని మామగారు ఎప్పుడూ అంటాడు. నిలబడ్డ మనిషికి గుడ్డ తప్ప ఏమీ కనపడదు. గింజలు ఏరుకోవడానికి తల వంచిన పుంజుకి మాత్రం ఎదురుగా ఇంకో పుంజు. తల ఎత్తితే మాయం, వంచితే మళ్లీ ప్రత్యక్షం! పాపం, వారమంతా అల్లుడుగారు ఆ దొంగవెధవని సవాలు చేస్తూ అరిచాడన్నమాట.

ఆమెకి నవ్వొచ్చింది. "మామయ్యా!" అని పిలవబోయి ఆగిపోయింది. పిలిస్తే తన నెత్తిన ఉన్న నింద దిగుతుంది. దిగి ఆయన నెత్తినే కూర్చుంటుంది. లేచి, కాలితో ఈకలు పక్కకి తోసింది.

"ఏముందక్కడ?" గుమ్మంలో మామగారు.

"ఏం లేదు మామయ్యా. ఎండగా ఉంది, లోపలికి పదండి."

ఆమెకి అబద్ధం ఆడటం బొత్తిగా చేతకాదు. ఆయన వచ్చి, గోడ పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుంటే కింద కూర్చున్నాడు. మరకలు చూశాడు. తొడుగు అంచుని రెండు వేళ్లతో పట్టుకుని కుట్టు తడిమాడు.

"నేనే ఎత్తి కుట్టాను," అన్నాడు. "చూశావుగా. చెప్పలేదేం?"

"మీరు నన్నేమైనా అన్నారా, నేను మిమ్మల్ని అనడానికి?"

"నోటితో అనలేదమ్మా." ఆయన కళ్లు నిండాయి. "ఇందాకటి నుంచీ మనసులో అంటూనే ఉన్నాను."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

ఆయన చొక్కా జేబులోంచి బ్లేడు తీసి, అంచు కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. లోపల జానెడు మడత ఉంచడం ఆయన అలవాటు. పిల్లలు ఎదిగితే వదులు చేసుకోవచ్చని దుకాణంలో అందరికీ అలాగే కుట్టేవాడు. మడత విడిపోయి గుడ్డ మట్టిలోకి జారింది. దాన్ని చేత్తో నేలకి అదిమాడు.

"అమ్మాయ్, ఇందాకటి టీ ఉందా?"

"చల్లారిపోయింది మామయ్యా. వేరే పెడతాను."

"వద్దు," అన్నాడాయన. "అదే తీసుకురా."