పని వచ్చేదాకా

తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట, పదింటికల్లా చేపల గంప ఖాళీ, ఆ తర్వాత ఇంటికెళ్ళి చద్దన్నం. సూర్యకళకి రోజూ ఇదే. ఆ మంగళవారం మాత్రం గంప కడిగి బోర్లించి, నేరుగా ఆటో ఎక్కి వన్ టౌన్‌లో గురువులు కొట్టుకి పోయింది. గురువులు పాత వడ్రంగి పనిముట్లు అమ్ముతాడు. మనిషి ముక్కోపి, సరుకు మాత్రం మేలైనది.

"ఏటి కావాలమ్మా?"

"వడ్రంగం నేర్సుకుందామని. ఆ పెట్టె బాగుంది బాబాయ్."

"ఎర్ర పిడులు సూసి పడిపోకు. కొత్తోళ్ళంతా దానికే ఎగబడతారు. పదిహేను సామాన్లుంటాయి, ఒక్కటీ తెగదు. రంపం, ఉలి, సిత్రిక. నీకు మూడు సాలు." రంపం వంచి వదిలాడు. అది తిన్నగా లేచింది. "ఇలా రావాల. ఉలి ఎనకవైపు సదునుగా ఉండాల. పిడి నీ గుప్పిట్లో ఇమడాల. ఆఖర్న సెయ్యి సూసుకో."

చెయ్యి సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. మంచి పనివాడు పోతే అతని చెయ్యి పనిముట్లో ఉండిపోతుంది. కొత్తవాళ్ళు పట్టుకుంటే వాళ్ళ చేతిమీద ఆని, ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో నేర్పుతుంది. పని వచ్చేశాక వెళ్ళిపోతుంది.

ఒక ఉలి ముట్టుకోగానే సూర్యకళ వేళ్ళమీద ఫెడీమని దెబ్బ పడింది.

"అది గంగాధరరావుది. బతికున్నప్పుడూ శిష్యుల్ని అలాగే కొట్టీవాడు. వద్దులే."

ఆమె వెతుకుతున్న చెయ్యి వేరు. అయిదు నెలల కిందట మొగుడు కోటి మూడు రోజుల జ్వరంతో పోయాడు. హార్బర్‌లో పడవల వడ్రంగి అతను, చూపుడువేలు సగం రంపానికి పోయింది. పెద్దదినం అయిన మర్నాడు, అతని సామాన్లు కంటబడితే ఏడుపాగక, అన్నీ సంచిలో పోసి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేసింది. ఎంత బుద్ధితక్కువ పని! మంచివన్నీ గురువులు దగ్గరికే చేరతాయని ఎవరో తర్వాత చెప్పారు.

ఇంకో ఉలి పట్టుకుంది. వెచ్చటి అరచెయ్యి ఒకటి ఆమె చేతిని కప్పింది. చూపుడువేలు సగమే ఉంది. సూర్యకళ ఆ ఉలి మరి వదల్లేదు.

"మీ ఆయనా? తీసుకుపో తల్లీ," అన్నాడు గురువులు, గొంతు తగ్గించి. "రంపం, సిత్రిక కూడా పట్టుకెళ్ళు. నీకు పనొచ్చేస్తే మాత్రం ఆగడు."

అందుకని ఆమె నేర్చుకోలేదు. రోజూ సాయంత్రం అరుగుమీద కూర్చుని చెక్కముక్కలు కావాలనే వంకరగా చెక్కేది. కోటి చెయ్యి ఓపిగ్గా సరిచేసేది. అత్త ముసలమ్మ పక్కనే కూర్చుని చూసేది.

"ఇంకా వంకరేనేటే?"

"నాకు రాదత్తా."

"రావద్దులే," అని ముసలమ్మ కొడుకు చెయ్యి ఉన్నచోట తన చెయ్యి పెట్టేది.

జూన్‌లో, వేట నిషేధం ఎత్తేసే ముందురోజు, పక్కింటి పైడయ్య టేకు దుంగ ఒకటి మోసుకొచ్చాడు. "వదినా, సుక్కాని కర్ర ఇరిగిపోయింది. వడ్రంగులంతా పెద్ద బోట్ల పనిమీదున్నారు. రేపు నలుగురం ఏటకెళ్ళాల. నీ కాడ కోటన్న సెయ్యుందిగదా."

కాదనలేకపోయింది. నడిసముద్రంలో ఆ కర్ర విరిగితే నలుగురి గతేమిటి? ఎంత పాపిష్టిదైనా వంకరగా చెక్కగలదా! రంపం తిన్నగా పట్టింది, చిత్రిక నున్నగా లాగింది. ఉలితో చివరి పొర తీస్తుండగా, చేతిమీది వేళ్ళు ఒక్కసారి గట్టిగా నొక్కి, వదులయ్యాయి.

"ఆగయ్యా," అంది సూర్యకళ. పొర సగంలో ఉంది. అక్కడ ఆపితే కర్ర పాడవుతుంది. నీళ్ళకి కళ్ళు కనబడకపోయినా, పొర చివరిదాకా తీసింది.

పైడయ్య కర్రని పడవకి బిగించి, భుజమానించి తోసి చూశాడు.

"అచ్చం కోటన్న సేసినట్టే ఉందొదినా!"

"కోటన్న ఎలిపోయాడు పైడయ్యా," అంది సూర్యకళ, వెక్కుతూ. "అది నాను సేసిందే."