బొమ్మ వచ్చింది

గోపాలు నేలను చూడకుండా నడుస్తాడు. టేకులపల్లి నుంచి తండా దాకా, అడవిలో చెట్టు నుంచి చెట్టుకు వేలాడే కేబుల్ టీవీ తీగ మీదే అతని చూపు. పదేళ్లుగా అలా నడిచి నడిచి మెడ వెనక్కి వాలిపోయింది. ఎడమ భుజం తీగచుట్ట ఒరిపిడికి కాయకాచింది. తీగ తొక్క పళ్లతో ఒలిచీ ఒలిచీ ముందు పన్ను సగానికి అరిగింది.

ఏ ఇంట్లో ఏ సీరియల్ చూస్తారో అతనికి తెలుసు. తాను మాత్రం ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. టీవీలో బొమ్మ వచ్చేదాకా గుమ్మంలో నిలబడి, రాగానే వెళ్లిపోయేవాడు. సగం సగం విన్న పాటలన్నీ నిద్రలో ఒకే పాటై వినిపించేవి.

గాలివానకు తండాలో బొమ్మ పోయింది. మధ్యాహ్నం గోపాలు అక్కడికి చేరేసరికి ద్వాలి ఎదురొచ్చింది.

“గోపాలన్నా, పోయినేడు తీజ్ పండుగ సీడీ నాలుగు గంటలకు ఏస్తరంట గదా. అండ్ల మా సంగీత ఆడింది.”

“అవ్ చెల్లె. కేబుల్ ఆఫీసుల నేనే చెప్పొచ్చిన.”

సంగీత ద్వాలి కూతురు. ఆ పండుగైన నెలకే జ్వరంతో పోయింది. పదిహేనేళ్లు.

“ఒక్క ఫోటో గూడ లేదన్నా. బిడ్డ మొఖం యాదికొస్తలేదు నాకు.” తప్పు చేసినదానిలా తల దించుకుంది ద్వాలి.

తండా దాకా మిగతా తీగ బాగానే ఉందని చూసుకున్న గోపాలు, దారిలో తెగిన చోటుకు అప్పుడే వెనక్కి మళ్లాడు.

తండా పక్క వాగు దగ్గర కొమ్మ విరిగి తీగ తెగింది. పొద్దుటి నుంచి రొమ్ములో ఏదో పట్టేసినట్టుంది. తీగచుట్ట బరువేమో అనుకున్నాడు. టేకుచెట్టు ఎక్కి, తెగిన కొసలు రెండూ లాగి అతికాడు. తడి ఆకుల మీద ఎండ తళతళలాడుతోంది. చెట్టు దిగి మొదట్లో చేరగిలబడ్డాడు. కాసేపటికి తండా వైపు నుంచి డప్పూ, ఆడపిల్లల పాటా గాలిలో తేలి వచ్చాయి. కళ్లు మూసుకుని విన్నాడు.

హీరాలాల్ ఇంట్లో టీవీ ముందు తండా అంతా కూర్చుంది. తెర మీద గోధుమ మొలకల బుట్ట నెత్తిన పెట్టుకుని, అద్దాల రవిక మెరుస్తుండగా సంగీత గుండ్రంగా తిరుగుతోంది. ఒక్కసారి ఇటు చూసి నవ్వి, కొంగుతో నోరు దాచుకుంది. ద్వాలి టీవీ గాజు తెర మీద చెయ్యి వేసింది. వేళ్లు చిటపటమన్నాయి.

“అవ్... గిదే మొఖం,” అంది. తర్వాత, “అన్నను పిలువుండ్రి. గాయన గూడ సూస్తడు,” అంది.

హీరాలాల్ వాగు దగ్గరికి పోయాడు. గోపాలు తండా వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు.

“గోపాలన్నా, బొమ్మ వచ్చింది.”

మళ్లీ పిలిచాడు. భుజం తట్టాడు. తల పక్కకు వాలింది.

వారం తర్వాత తీగ చూడటానికి వచ్చిన కొత్త మనిషి ఆ చెట్టెక్కాడు. అతుకు మీద టేపు లేదు. వాననీళ్లు దిగకుండా పాలకవరు ముక్క చుట్టి, దానిపైన గోపాలు ఎర్ర తువ్వాలు చింపిన పేలిక కట్టి ఉంది, రెండు ముళ్లు వేసి.