కొలతకు నా నెత్తురు

పళ్ళ జెల్లీ సీసాను కొంచెం వంచి, లోపల జారుతోందా నిలిచిందా అని చూస్తుంటే మా ఆయన ఎర్విన్ నవ్వాడు. "ఇంకా ఆ ఆసుపత్రిలోనే ఉన్నావా హెడ్విగ్?"

ఉన్నాను. మిల్వాకీలో మేం కొట్టు పెట్టుకుని ఇంత కాలమైనా నా చేతికి ఆ వంచే అలవాటు పోలేదు. ఆసుపత్రి ప్రయోగశాలలో గోరువెచ్చని నీళ్ళ తొట్టి, అందులో సన్నటి గాజు గొట్టాలు, కుందేలు మెదడు ఎండబెట్టి మేమే నూరుకున్న పొడి. రోగి నెత్తురు మీద తేరిన పసుపు నీటిలో ఆ పొడి, కాల్షియం కలిపి, గడియారం నొక్కి, గొట్టం వంచుతూ ఉండాలి. గడ్డకడుతూ తెల్లటి పోగు కనబడగానే మళ్ళీ నొక్కాలి. ఆ పోగు కోసం ఊపిరి బిగబట్టిన సుఖం ఏ బేరంలోనూ నాకు మళ్ళీ దొరకలేదు.

రోగి నెత్తురు ఆలస్యంగా గడ్డకడుతోందని చెప్పాలంటే పోల్చడానికి పక్కన ఆరోగ్యవంతుల నెత్తురు ఉండాలి. అది రోజూ నాదే. "హెడీ, నీ చెయ్యి" అనేవారు డాక్టర్ హౌసర్, బల్ల మీది పెన్సిల్ అందుకున్నట్టు. మగవాళ్ళను అడిగేవారు కాదు, వాళ్ళకు పనులుంటాయట. ఇంట్లో మా అత్తగారిదీ అదే లెక్క: "రాయిలాంటి పిల్ల, అరిగిపోతుందా ఏం?"

ఒక వసంతంలో నా నెత్తురు ఎప్పటికంటే తొందరగా గడ్డకట్టడం మొదలైంది. కొత్తగా నూరిన పొడికి ఘాటెక్కువన్నారు డాక్టరు. పొడిది కాదు. నాకు నాలుగో నెల. కడుపు సంగతి తెలిస్తే ఉద్యోగం పోయే రోజులవి. కానీ నా నెత్తురుతో పోల్చి చూస్తే, మా రోగి, పాలబండి తోలే క్లెమెన్స్ నెత్తురు మరీ పలచబడినట్టు కనిపించింది. నెత్తురు పలచబరచడానికి అతనికిచ్చే మందును డాక్టరు తగ్గించబోయారు. తగ్గిస్తే అతని కాలిలో నెత్తురు గడ్డ మళ్ళీ పెరుగుతుంది.

ఒక పక్క నా కొలువు, ఒక పక్క క్లెమెన్స్. తూచడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పొడి బాగానే ఉంది డాక్టరుగారూ. నేనే కడుపుతో ఉన్నాను. ఇవాళ మీ చెయ్యి ఇవ్వండి."

"నాదా? నాకు సూదంటే కొంచెం..."

"నాకు మాత్రం ముద్దా?"

చొక్కా చెయ్యి మడిచి కళ్ళు మూసుకున్నారు. ఆయన నెత్తురు పక్కన క్లెమెన్స్ మందు సరిగ్గానే తేలింది. ఆ వారాంతానికి నన్ను పంపేశారు.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు ఆ రోజు ఎర్విన్. ఆ తర్వాత క్లెమెన్స్ ఏళ్ళ తరబడి మా గుమ్మంలో పాలసీసాలు పెట్టి, నన్ను చూసి టోపీ ఎత్తేవాడు. ఎర్విన్ మాటకు నాకు నేనిచ్చుకున్న జవాబు అదొక్కటే.

"జెల్లీ అయిందా?" అన్నాడు ఎర్విన్ ఇప్పుడు, కుర్చీలోంచి కదలకుండానే.

సీసా అతని చేతికిచ్చి నా కోటు తీసుకున్నాను.

"ఎంతసేపు పట్టుకోవాలి దీన్ని?"

"గట్టిపడేదాకా."